గుండె చప్పుడును రికార్డు చేసే స్టెతస్కోపు: మన బస్తీ దవాఖానాకు వస్తే ఏం మారుతుంది?

మౌలాలిలో ఒక బడికి హెల్త్ క్యాంపు వచ్చిందనుకోండి. కాంపౌండ్ గోడ అవతలే రైల్వే లైను. గూడ్సు బండి పోతుంటే కిటికీలు అదురుతున్నాయి. వరండాలో పిల్లలు వరుసగా నిలబడ్డారు. డాక్టర్ ఒక్కొక్కరి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, కాసేపు విని పంపిస్తున్నారు. ఒక పాప దగ్గరికి వచ్చేసరికి ఆగారు. బండి వెళ్లిపోయేదాకా ఉండి మళ్లీ విన్నారు. ‘మర్మర్ అనుమానం, ఎకో తీయించండి’ అని చీటీ రాసిచ్చారు.

సాయంత్రానికి ఆ చీటీ ఇంటికి చేరుతుంది. నాన్న నాచారం ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టులో ఉంటారు. అమ్మకు కాళ్లూ చేతులూ ఆడవు. మర్మర్ అంటే ఏంటి? పాప బాగానే ఆడుకుంటోంది కదా? ఎకో ఎక్కడ తీస్తారు? అసలు డాక్టర్ గారికి వినిపించింది ఏంటి?

చివరి ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు లేదు. ఎందుకంటే ఆ చప్పుడు డాక్టర్ చెవుల్లోనే పుట్టి అక్కడే ఆగిపోయింది. చీటీ మీద రెండు ముక్కలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. రేపు పాపను చూసే పెద్ద డాక్టర్ మళ్లీ మొదటి నుంచి వినాల్సిందే.

డిజిటల్ స్టెతస్కోపు మార్చేది సరిగ్గా ఇక్కడే. అది గుండె చప్పుడును రికార్డు చేస్తుంది, దాచిపెడుతుంది, ఇంకొకరికి పంపుతుంది. కొన్ని పరికరాల్లో ఉండే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ‘ఇందులో మర్మర్ ఉంది’ అని కూడా చెబుతుంది. మరి ఇలాంటిది మన బస్తీ దవాఖానాకో, బడి క్యాంపుకో వస్తే పాప కష్టం తీరినట్టేనా? ఒక్కో ప్రశ్నా తీసుకుని చూద్దాం.

గుండె చప్పుడులో డాక్టర్ వినేది ఏంటి?

బడిలో చదువుకున్న ‘లబ్-డబ్’ గుర్తుందా? ఆ చప్పుడు గుండె కండరం కొట్టుకోవడం వల్ల వచ్చేది కాదు. గుండెలో నాలుగు కవాటాలు ఉంటాయి. అంటే రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపులు. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉండే రెండు కవాటాలు మూసుకున్నప్పుడు ‘లబ్’ అని వినిపిస్తుంది. గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో ఉండే మిగతా రెండూ మూసుకున్నప్పుడు ‘డబ్’ అంటుంది.

ఈ రెండింటి మధ్య మామూలుగా నిశ్శబ్దమే. అక్కడ ‘ష్...’ అని గాలి ఊదినట్టు వినిపిస్తే దాన్ని మర్మర్ అంటారు. కుళాయిని సగం మూసి పట్టుకుంటే నీళ్లు బుసకొట్టినట్టు చప్పుడు చేస్తాయి కదా, దాదాపు అలాంటిదే. కవాటం సరిగ్గా తెరుచుకోకపోయినా, పూర్తిగా మూసుకోకపోయినా, గదుల మధ్య గోడకు రంధ్రం ఉన్నా రక్తం సుడి తిరిగి ఈ శబ్దం వస్తుంది.

అయితే మర్మర్ వినిపించిన ప్రతి గుండెకూ జబ్బు ఉన్నట్టు కాదు. ఎదిగే పిల్లల్లో చాలామందికి ఏదో ఒక సమయంలో హానిలేని మర్మర్ వినిపిస్తుంది. జ్వరం వచ్చినప్పుడో, రక్తహీనత ఉన్నప్పుడో అది ఇంకాస్త గట్టిగా ఉంటుంది. గుండె నిర్మాణంలో లోపమేమీ ఉండదు. ఏది హానిలేనిది, ఏది జబ్బు అని తేల్చడమే అసలు విద్య. చివరి మాట చెప్పేది ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష.

మామూలు స్టెతస్కోపుతో చిక్కేంటి?

1816లో ప్యారిస్‌లో రెనే లెనెక్ అనే డాక్టర్ ఒక యువతి గుండెను వినాల్సి వచ్చింది. ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదనిపించి, కాగితాలను గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, రెండో కొస తన చెవికి పెట్టుకున్నారు. నేరుగా చెవి ఆనించినప్పటి కంటే స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపు అలా పుట్టింది. 200 ఏళ్లు దాటినా అందులోని సూత్రం మారలేదు. ఛాతీ దగ్గర పుట్టిన శబ్దం గొట్టంలోని గాలి ద్వారా చెవికి చేరుతుంది, అంతే.

ఇందులో మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, గుండె ధ్వనుల్లో ఎక్కువ భాగం 20 నుంచి 500 హెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. మన చెవి బాగా పట్టుకునేది అంతకంటే చాలా పై స్థాయి శబ్దాలను. గుండె అలసిపోయినప్పుడు అదనంగా వచ్చే మూడో ధ్వని లాంటివి మరీ మంద్రంగా ఉంటాయి కాబట్టి అనుభవజ్ఞులు కూడా వాటిని వదిలేసే ప్రమాదం ఉంది.

రెండోది, చుట్టూ ఉండే రొద. ఏసీ గదిలో కూర్చున్న కార్డియాలజిస్టు వేరు, పక్కన రైలు, ఎదురుగా నలభై మంది పిల్లల అల్లరి ఉన్న వరండా వేరు. మౌలాలి, నాచారం, మల్లాపూర్ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఈ కష్టం చెప్పనక్కర్లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. విన్నదాన్ని చూపించలేరు. ఎక్స్‌రే అయితే ఫిల్ము ఉంటుంది. ఈసీజీ అయితే కాగితం ఉంటుంది. స్టెతస్కోపుతో విన్నదానికి విన్న మనిషి మాటే సాక్ష్యం. ఆరు నెలల కిందట ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని పోల్చి చూసే వీలు లేదు.

డిజిటల్‌ది ఎలా పనిచేస్తుంది?

చూడటానికి మామూలు స్టెతస్కోపు లాగానే ఉంటుంది. ఛాతీ మీద పెట్టే బిళ్లలో మైకు లేదా కంపనాలను పట్టుకునే సెన్సర్ ఉంటుంది. అది శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పెద్దది చేస్తుంది. బయటి రొదను కొంతవరకు తొలగిస్తుంది. తర్వాత అంకెలుగా మార్చి బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. ఫోన్ తెరపై లబ్, డబ్‌లు ఎగుడుదిగుడు గీతగా కనిపిస్తాయి. దీన్నే ఫోనోకార్డియోగ్రామ్ అంటారు. కొన్ని పరికరాలు శబ్దంతోపాటు చిన్నపాటి ఈసీజీని కూడా అదే సమయంలో తీస్తాయి.

ఫైలు పెద్దదేమీ కాదు. సెకనుకు 4,000 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 2 బైట్లలో దాస్తే 15 సెకన్ల రికార్డింగుకు లక్షా 20 వేల బైట్లు పడుతుంది. మీరు వాట్సాప్‌లో పంపే ఒక ఫోటో అంత. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోటి నుంచి కూడా పంపొచ్చు.

‘అయితే నా ఫోన్ మైకునే ఛాతీకి ఆనిస్తే సరిపోదా?’ అని అడగొచ్చు. సరిపోదు. ఫోన్ మైకును మనిషి గొంతు కోసం తయారు చేస్తారు. మంద్రమైన శబ్దాలను రొద కింద లెక్కగట్టి తగ్గించేస్తుంది. గుండె మాట్లాడేది ఆ మంద్ర స్థాయిలోనే. ఫోన్ మైకుతో గుండె జబ్బులు కనిపెడతామనే యాప్‌లను నమ్మి నిశ్చింతగా ఉండటం గానీ, భయపడటం గానీ మంచిది కాదు.

డిజిటల్ పరికరంతో ఇంకో మేలుంది. బిళ్లను పెట్టేవారు, వినేవారు ఒకరే కానక్కర్లేదు. ఆడపిల్లలను పరీక్షించేటప్పుడు నర్సమ్మ లేదా ఏఎన్ఎం బిళ్ల పెడితే డాక్టర్ తెర ఇవతల ఉండి వినొచ్చు. వినికిడి తగ్గిన డాక్టర్లకు శబ్దం పెంచుకునే వీలుంటుంది. మెడికల్ కాలేజీలో ఒకే రోగి గుండెను పది మంది విద్యార్థులు ఒకేసారి వినొచ్చు. రోగి ఛాతీ మీద పదిసార్లు స్టెతస్కోపు పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇది మనకు కొత్తా?

వైద్యాన్ని దూరం నుంచి అందించడంలో తెలుగువారిది పాత అనుభవమే. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఏర్పాటు చేసిన టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో హైదరాబాద్ వచ్చిన అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలో తీసిన రిపోర్టులను నగరంలోని నిపుణులు చూసి సలహా చెప్పడం అప్పుడు పెద్ద వింత. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-సంజీవని’లో జరిగిన సంప్రదింపులు 2023 నాటికే 10 కోట్లు దాటాయి. అయితే వీడియో కాల్‌లో డాక్టర్ ముఖం చూడగలరు, మాట వినగలరు. ఛాతీ మీద చెయ్యి వేయలేరు, గుండెను వినలేరు. డిజిటల్ స్టెతస్కోపు పూడ్చే ఖాళీ అదే.

మన దేశంలోనూ వీటిని తయారు చేస్తున్నారు. కోవిడ్ తొలి రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో ఐఐటీ బాంబే బృందం ఇలాంటి పరికరాన్ని ముందుకు తెచ్చింది. రోగికి దూరంగా ఉండి గుండె, ఊపిరితిత్తుల శబ్దాలు వినొచ్చు కాబట్టి డాక్టర్లకు వైరస్ ముప్పు తగ్గుతుందన్నది అప్పటి ఆలోచన. అక్కడే పుట్టిన ఆయు డివైసెస్ స్టార్టప్ వెయ్యి పరికరాలను ఆసుపత్రులకు పంపింది. అమెరికాలో ఎకో హెల్త్ అనే సంస్థ తయారు చేసిన మర్మర్ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జనవరిలో అనుమతి ఇచ్చింది. ఈ సంస్థ పేరుకూ ‘ఎకో’ పరీక్షకూ సంబంధం లేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ, రోగ నిర్ధారణకు వాడే సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి ‘స్మార్ట్ స్టెతస్కోపు’ వైద్య పరికరం కాదు.

యంత్రం చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు?

2021లో ‘జర్నల్ ఆఫ్ ది అమెరికన్ హార్ట్ అసోసియేషన్’లో ఎకో హెల్త్ సాఫ్ట్‌వేర్‌పై ఒక అధ్యయనం వచ్చింది. నిపుణులు మర్మర్ ఉందన్న రికార్డింగుల్లో 76.3 శాతాన్ని యంత్రం పట్టుకుంది. మర్మర్ లేదన్న వాటిలో 91.4 శాతాన్ని ‘లేదు’ అని సరిగ్గా చెప్పింది. మరీ సన్నగా వినిపించే మొదటి స్థాయి మర్మర్‌లను పక్కనపెడితే పట్టుకున్నవి 90 శాతానికి పెరిగాయి.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ అంకెలను బడి వరండాకు తెచ్చి చూద్దాం. కింది లెక్క అర్థం కావడం కోసమే, ఏ బడిలోనూ తీసినది కాదు.

వెయ్యి మంది పిల్లలున్నారు. వారిలో 10 మందికి నిజంగా గుండె సమస్య ఉండి, మర్మర్ వస్తోందనుకుందాం. యంత్రం వారిలో సుమారు 8 మందిని పట్టుకుంటుంది. ఇద్దరు తప్పిపోతారు. మిగతా 990 మందికి ఏమీ లేదు. అయినా వారిలో 8.6 శాతం మందికి, అంటే దాదాపు 85 మందికి, యంత్రం ‘అనుమానం’ అంటుంది. మొత్తం 93 చీటీలు. వాటిలో నిజమైనవి 8.

పిల్లల్లో హానిలేని మర్మర్‌లు మామూలే కాబట్టి వాస్తవంలో చీటీలు ఇంకా పెరగొచ్చు. యంత్రం అక్కడ తప్పు చెప్పినట్టు కూడా కాదు. మర్మర్ ఉంది, జబ్బే లేదు.

ఇప్పుడు 93 మందికీ ఎకో తీయాలి. ఒక్కొక్కరికి 20 నిమిషాలు పడుతుందనుకుంటే 31 గంటలు. రోజుకు ఆరు గంటలు ఆ గది వీరి కోసమే పనిచేసినా అయిదు రోజులు దాటుతుంది. 93 ఇళ్లలో తల్లో తండ్రో ఒక రోజు కూలి వదులుకోవాలి. ఎకో దొరకడానికి నెల పడితే ఆ నెలంతా 93 ఇళ్లలో కంటి మీద కునుకు ఉండదు. కొందరు విసిగి చీటీని బీరువాలో పడేస్తారు. ఆ పడేసిన చీటీల్లో ఆ 8 మందిలో ఒకరిది ఉండొచ్చు. అసలు ప్రమాదం అదే.

ఇక తప్పిపోయిన ఇద్దరి సంగతి. చెవికి గానీ యంత్రానికి గానీ అందని జబ్బులు ఉంటాయి. 2007లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో కంబోడియా, మొజాంబిక్ బడి పిల్లలపై ఒక పరిశోధన వచ్చింది. స్టెతస్కోపుతో విని ఎకోతో నిర్ధారించుకున్నప్పుడు రుమాటిక్ గుండె జబ్బు ప్రతి వెయ్యి మందిలో ఇద్దరికి కాస్త పైన తేలింది. అందరికీ ఎకో తీస్తే కంబోడియాలో 21.5, మొజాంబిక్‌లో 30.4 అయింది. సుమారు పది రెట్లు. కాబట్టి యంత్రం ‘బాగుంది’ అన్నంత మాత్రాన గుండెకు సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ తాను విన్న శబ్దాల నుంచే నేర్చుకుంటుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే ఒక పెద్ద బహిరంగ సేకరణ ఈశాన్య బ్రెజిల్‌లో తయారైంది. అందులో 1,568 మంది నుంచి తీసుకున్న 5,272 రికార్డింగులున్నాయి, చాలావరకు పిల్లలవే. మన పిల్లల మీద, మన బడి వరండాల రొద మధ్య పరీక్షించి చూడకుండా అక్కడి ఫలితాలు ఇక్కడా అలాగే వస్తాయని అనుకోలేం.

లండన్‌లో ఏం తేలింది?

పరికరం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి లండన్ అనుభవం పనికొస్తుంది. ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పశ్చిమ, వాయవ్య లండన్‌లోని 205 ప్రాథమిక క్లినిక్‌లను ఎంచుకున్నారు. 96 చోట్ల ఏఐ స్టెతస్కోపులు ఇచ్చారు. మిగతావి మామూలుగానే పనిచేశాయి. ఆయాసం, నీరసం లాంటి లక్షణాలతో వచ్చిన 12 వేల మందికి పైగా రోగులను కొత్త పరికరంతో చూశారు. ఫలితాలను 2025 ఆగస్టులో మాడ్రిడ్‌లో జరిగిన యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ సదస్సులో వెల్లడించారు.

పరికరంతో పరీక్షించిన వారిలో గుండె వైఫల్యం రెట్టింపుకు పైగా, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మూడు రెట్లకు పైగా, కవాటాల జబ్బు దాదాపు రెట్టింపు బయటపడ్డాయి. పత్రికల్లో శీర్షికలకు ఎక్కింది ఈ భాగమే.

రెండో భాగం అంతగా ప్రచారం కాలేదు. గుండె వైఫల్యం ఉండొచ్చని యంత్రం అనుమానించిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి తర్వాతి పరీక్షల్లో ఆ జబ్బు లేదని తేలింది. పరికరం అందుకున్న క్లినిక్‌లలో 70 శాతం ఏడాది తిరిగేసరికి దాన్ని వాడటం మానేశాయి, లేదా ఎప్పుడో ఒకసారి వాడుతున్నాయి. దాంతో క్లినిక్‌లన్నిటినీ కలిపి లెక్క వేస్తే, పరికరం ఇచ్చినచోట, ఇవ్వనిచోట గుండె వైఫల్యం గుర్తింపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే వాడితే పనికొచ్చింది. కానీ రోజువారీ పనిలో ఇమడకపోతే సొరుగులోకి వెళ్లిపోయింది. లండన్‌లోనే అలా అయితే, ఉదయం నుంచి ఓపీ కిటకిటలాడే మన కేంద్రాల్లో ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి.

మౌలాలి, నాచారం, ఉప్పల్‌లో ఇది ఎక్కడ పనికొస్తుంది?

మొదటి చోటు బడి, అంగన్‌వాడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల పిల్లలను ఒకసారి చూడాలి. బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు లేదా ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉంటారు. వారు వెతకాల్సిన 30 సమస్యల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, రుమాటిక్ గుండె జబ్బు రెండూ ఉన్నాయి. మన దేశంలో ఏటా 2 లక్షల మందికి పైగా పిల్లలు గుండె లోపంతో పుడుతున్నారని, వారిలో అయిదో వంతు మందికి తొలి ఏడాదిలోనే చికిత్స అవసరమవుతుందని నిపుణుల అంచనా. ఈ బృందాల చేతిలో రికార్డు చేసే స్టెతస్కోపు ఉంటే, అనుమానం వచ్చిన చప్పుడును ఆ రోజే పిల్లల గుండె నిపుణులకు పంపొచ్చు. వారు విని ‘ఇది హానిలేనిదే’ అని తేల్చినవి ఆగిపోతాయి. 93 చీటీలు 30కో 20కో తగ్గితే, మిగిలిన పిల్లలకు ఎకో త్వరగా దొరుకుతుంది. ఈ పరికరం అసలు ఉపయోగం జబ్బు కనిపెట్టడం కంటే ఇలా వడపోయడంలోనే ఎక్కువ.

రెండో చోటు బస్తీ దవాఖానా. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మొదలైన ఈ కేంద్రాలకు బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎక్కువగా వస్తారు. ‘మౌలాలి గుట్ట మెట్లు ఒకప్పుడు గబగబా ఎక్కేదాన్ని బిడ్డా, ఇప్పుడు నాలుగు మెట్లకే ఆయాసం’ అనే అమ్మమ్మకు వయసు వల్ల అలా అవుతోందా, కవాటం సన్నబడటం వల్లా అన్నది ఇక్కడే తొలిసారి తేలాలి. రక్త పరీక్షలకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ వ్యవస్థ ఉంది. 2021 జనవరిలో లాలాపేటతో సహా నగరంలో 8 చోట్ల స్కానింగ్, ఎక్స్‌రే, ఈసీజీల కోసం మినీ హబ్‌లు కూడా వచ్చాయి. గుండె చప్పుడు ఫైలు ఈ దారిలోనే నడిచి, ఎకో అపాయింట్‌మెంటుతో తిరిగి రాగలిగితే అమ్మమ్మ రెండు బస్సులు మారి గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్లి ఓపీ లైన్లో నిలబడే పని తగ్గుతుంది.

మూడో చోటు ఈఎస్ఐ. నెల జీతం 21 వేల రూపాయల వరకు ఉన్న కార్మికులకు, వారి కుటుంబాలకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈ ప్రాంతపు ఫ్యాక్టరీ కుటుంబాలకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరి ఆధారం. పెద్ద వైద్యం అవసరమైతే సనత్‌నగర్ వెళ్లాలి. పాత రికార్డింగు వెంట ఉంటే అక్కడి డాక్టర్ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.

చికిత్స దశకు వస్తే దారి కొంత స్పష్టంగానే ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్లు తొలి నుంచీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దీని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆర్‌బీఎస్‌కే ద్వారా గుర్తించిన పిల్లలకూ చికిత్స ఉచితమే. అంటే మొదటి మెట్టు మీద స్టెతస్కోపు ఉంది, చివరి మెట్టు మీద ఆపరేషన్‌కు డబ్బు ఉంది. మధ్యలో ఎకో, దాన్ని చదివే నిపుణులు, ‘ఫలానా పాప వచ్చిందా?’ అని ఫోన్ చేసి అడిగే మనిషి. తరచూ తెగేది ఈ మధ్య మెట్టే.

రికార్డింగు ఎవరి దగ్గర ఉంటుంది?

గుండె చప్పుడు కూడా ఆరోగ్య సమాచారమే. పేరు, వయసు, ఫోన్ నంబరుతో కలిపి దాచితే అది ఎవరి సర్వర్‌లో ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు నేర్పించడానికి దాన్ని వాడుకుంటుందా అని అడగడం మన హక్కు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, అవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది ఈ చట్టంలోని మూల సూత్రం. వైద్య సేవలకు కొన్ని మినహాయింపులు ఉన్నా, చికిత్స కోసం ఇచ్చిన రికార్డింగు వేరే అవసరాలకు వెళ్లాలంటే విడిగా అడగాలి. బడి క్యాంపులో ఇచ్చే సమ్మతి పత్రంలో ఈ రెండూ వేర్వేరు గడులుగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి.

‘అనుమానం’ అని చీటీ వస్తే ఏం చేయాలి?

ముందు కంగారు పడకండి. పిల్లల్లో మర్మర్‌లు చాలావరకు హానిలేనివే. అలాగని చీటీని పక్కన పెట్టకండి.

* చీటీ మీద బృందం పేరు, తేదీ, ఎక్కడికి పంపుతున్నారో రాయించుకోండి. ఫోటో తీసి పెట్టుకోండి.
* రికార్డింగు తీసి ఉంటే దాని కాపీ అడగండి. పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.
* దగ్గరి బస్తీ దవాఖానా లేదా అర్బన్ పీహెచ్‌సీలో చూపించి, ప్రభుత్వ కేంద్రాల్లో ఎకో ఎక్కడ తీస్తున్నారో, ఏ రోజు రావాలో కనుక్కోండి.
* ఎకో అయ్యాక ‘హానిలేనిది’ అని తేలితే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. వచ్చే ఏడాది క్యాంపులో మళ్లీ ఇదే హైరానా ఉండదు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం చీటీ కోసం గానీ యంత్రం కోసం గానీ ఆగకూడదు. పసిపిల్లలు పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోవడం, బరువు పెరగకపోవడం, పెదాలు, గోళ్లు నీలంగా మారడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం. బడి వయసు పిల్లలకు గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు జ్వరంతో కీళ్లు వాచి, నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతూ ఉండటం. ఇది రుమాటిక్ జ్వరం కావొచ్చు. దీన్ని వెంటనే గుర్తించి, డాక్టర్ చెప్పినన్నాళ్లు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయిస్తే కవాటాలు పాడవకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. పెద్దవాళ్లలో ఆయాసం, కాళ్ల వాపు, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ ఉంటే అదే రోజు డాక్టర్‌ను కలవాలి.

రికార్డు తీసేటప్పుడు మీరూ సాయపడొచ్చు. బట్టల మీద నుంచి కాకుండా చర్మానికి ఆనించి తీయాలి. గదిలో ఫ్యాను, ఫోన్లు ఆపాలి. ఆ 15 సెకన్లు పాప మాట్లాడకుండా ఉండాలి. రైలు పోతుంటే, పోయేదాకా ఆగమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

మరి కొనాలా, వద్దా?

కొనడం తప్పు కాదు. రేపు ఏదైనా ప్రభుత్వ కేంద్రంలోకి ఈ పరికరాలు వస్తే, రిబ్బన్ కత్తిరించే రోజున అధికారులను అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఇక్కడ రికార్డు చేసిన చప్పుడును అవతల ఎవరు వింటారు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? అనుమానం ఉన్నవారికి ఎకో ఎక్కడ, ఎన్ని రోజుల్లో? ఎకోకు రాని పిల్లల ఇంటికి ఫోన్ చేసే బాధ్యత ఎవరిది?

ఈ మూడింటికీ జవాబుంటే ఆ పరికరం పెట్టిన ఖర్చుకు ఎన్నో రెట్లు తిరిగిస్తుంది. లేకపోతే మౌలాలి అమ్మ చేతిలో ఇప్పుడున్న చీటీ బదులు ఫోన్‌లో ఒక ఫైలు ఉంటుంది. పాప మాత్రం అదే లైన్లో నిలబడి ఉంటుంది.